పందొమ్మిది

వేదాయపాళెం గేటు దాటి గూడ్సు పోయేదాకా
నేను ఏ కొలతా తీయను.
పెట్టెలు లెక్కపెడుతూ కూచుంటాను,
బల్ల కాళ్ల వణుకు నా మోకాళ్లలో ఆగేదాకా.
తర్వాత నల్లపరదా లాగి
పచ్చ లేజరు తెరుస్తాను.

మాలిబ్డినం, గంధకం కలిసిన రాయి.
చూపుకి పెన్సిలు ముక్క, వేలికి నూనె జారుడు.
టేపు మీద అద్ది, మడిచి, విప్పి,
మళ్లీ అద్ది, మళ్లీ విప్పి,
సగాలు, సగాల్లో సగాలు.
ఒకే ఒక్క పొర మిగలాలని
పొద్దుటినుంచీ ఇదే పని.

"అట్టా పీకితే చిరగదా అమ్మణ్ణీ?"

గది ఊడ్వడానికొచ్చిన చెంగమ్మ
చీపురు గోడకానించి చూస్తోంది.
సైదాపురం గనుల దగ్గర
పన్నెండేళ్లు కాకిబంగారం చీల్చిన చెయ్యి అది.
కొడవలి వంపు కత్తి, ఒళ్లో గోనెపట్టా.
రేకు ఏ మూల నోరు తెరుస్తుందో
బొటనవేలికే తెలుసట.
"కళ్లతో ఎవురు చీలుస్తారు?
చెవికాడ పెట్టి విదిలిస్తే అదే చెప్తాది.
మందంది గరగరమంటాది.
పల్చంది పాము కుబుసం మాదిరి,
ఊసే ఉండదు."

గని మూశాక ఆమెతో వచ్చింది దగ్గు ఒకటి.
మాట మధ్యలో దానికి దారిచ్చి
మళ్లీ మొదలుపెడుతుంది.

నేను చెప్పాను, నాకు చేతనైనట్టు.
వెలుగు పోయి పొరకి తగులుతుంది.
దాదాపు అంతా పోయినట్టే తిరిగొస్తుంది,
వాకిట్లోనే పలకరించి మళ్లిన చుట్టంలా
ఏమీ ఇవ్వక, ఏమీ తేక.
దాన్ని గుమ్మంలోనే ఆపేసే అద్దం ఒకటుంది.
కోటిలో ఏ ఒక్క రేణువో
లోపల ఊగే అణువులకి కొంత ముట్టజెప్పి
రంగు మారి, కాస్త ఎర్రబారి వస్తుంది.
ఆ ఒక్కదాని కోసమే ఈ చీకటి.

"కమ్మలు కుదవబెట్టి వొచ్చినోడి మొకం" అంది చెంగమ్మ.
రాసుకున్నాను,
సిలికాను ఐదువందల ఇరవై అని రాసిన చోటు పక్కనే.

తెర మీద గీత గరుకుగా పాకుతోంది.
ఉన్నట్టుండి ఒక సూది, నిట్టనిలువుగా.
"ఇదేనా?" అని ముందుకొంగింది.
కాదు. ఆకాశంలో ఎక్కడినుంచో రాలిన కిరణం
దారి తప్పి మా కెమెరాలో పడింది.
చెరిపేశాను.
"అంత దూరం నించి వొస్తే చెరిపేస్తివే!"

మొదటి మచ్చ: రెండు శిఖరాల మధ్య ఇరవై ఐదు. దిమ్మె.
రెండోది: ఇరవై రెండు. జంట పొరలు.
లేజరు కట్టి చెంగమ్మని సూక్ష్మదర్శిని ముందు కూచోబెట్టాను.
చాలాసేపు మాట లేదు.
"ఆ మూల, ఉందో లేదో అన్నట్టు నీలంగా,
దాన్నెందుకు వొదిలేసినావు?"
నేను రెండుసార్లు దాటేసిన చోటు.

గూడ్సు మళ్లీ.
ఆగాం. ఆమె కూడా పెట్టెలు లెక్కపెట్టింది,
నాకంటే రెండు ఎక్కువ వచ్చాయి.

పది నిమిషాలు.
పక్కలకి ఊగే ఊపు కొంచెం పైకి జరిగింది.
పైకీ కిందికీ ఊగేది మెత్తబడి దిగింది,
తనలాంటి పొర మీద లేదు, కింద లేదు.
మూడువందల ఎనభై ఐదు. నాలుగువందల నాలుగు.
వేళ్ల మీద మళ్లీ తీసేశాను, కాలిక్యులేటరు చేతిలో ఉండగానే.
పందొమ్మిది.

"ఒక్కటే పొర" అన్నాను. గొంతు నాది కానట్టుంది.
"ఇది తూకానికి రాదు గదా," అంది,
"మరి కూలి ఎట్టా కట్టిస్తారు?"

లాగుపుస్తకంలో నమూనా దొరికినదెవరికి అన్న గడి
ఎప్పుడూ నా పొడి అక్షరాలతోనే నిండేది.
ఆమె ఇంటిపేరు అడిగాను.
"దానికేం పన్లే" అని చీపురందుకుంది.

బల్ల కింద వాడి పడేసిన టేపు ముక్కలు,
బూడిదరంగు మెరుపుతో, చేటలోకి.
అందులోంచి ఒకటి తీసి
ట్యూబులైటుకి ఎత్తి చూసింది.
చెవి దగ్గర పెట్టి విదిలించింది.
మళ్లీ ఒకసారి.

ఆ ముక్కని చేటలో వెయ్యలేదు.